బట్టమేక లేని బయలు

మదర్సాలో వేట అధ్యాయం బోధించేటప్పుడు అక్కడక్కడ ఒక పక్షి పేరు ఎదురవుతుంది: హుబారా. దాని మాంసం హలాల్ అని ధర్మశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. క్రీ.శ. 1405లో పరమపదించిన ఈజిప్టు పండితుడు దమీరీ, జంతువులను అక్షర క్రమంలో వర్ణించిన తన 'హయాతుల్ హయవాన్'లో దానికి చోటిచ్చారు. అదెలా ఉంటుందని పిల్లలు అడిగితే, "ఎడారి నేలమీద నడిచే పక్షి, కోడికంటే పెద్దది" అని చెప్పి ముందుకు సాగిపోవడం ఉపాధ్యాయుల ఆనవాయితీ. మా గురువులు మాకు అలాగే చెప్పారు, మేమూ అలాగే చెబుతూ వచ్చాము. ఆ కుటుంబానికే చెందిన, దానికంటే ఎన్నో రెట్లు పెద్దదైన పక్షి ఒకటి మన తెలుగు నేలపై తిరిగేది. మన భాషలో దాని పేరు బట్టమేక. నిలుచుంటే దాదాపు మీటరు ఎత్తు. మగపక్షి పదిహేను కిలోల వరకు తూగుతుంది. ఎగరగల పక్షులలో ఇంత బరువైనవి లోకంలో బహు కొద్ది.

ఆ పక్షికోసమే 1988లో కర్నూలు జిల్లాలో రోళ్ళపాడు అభయారణ్యం ఏర్పడింది. ఇప్పుడది నంద్యాల జిల్లాలో, మిడుతూరు మండలంలో ఉంది. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అభయారణ్యం అనగానే పాఠకుల మనసులో దట్టమైన చెట్లు, జలపాతాలు మెదలవచ్చు. అక్కడ అటువంటివేవీ లేవు. గడ్డి, రాళ్ళు, ఆకాశం, అంతే. దేశానికి వాయవ్యాన ఉన్న ఎడారి జాతీయ వనానికి వెళ్ళగల శక్తి, సమయం మాకు లేవు. తెలుగునాట ఎడారికి దగ్గరి చుట్టం ఈ బయలే.

గడచిన షాబాన్ మాసంలో, వార్షిక పరీక్షలు ముగిసి పిల్లలు ఇళ్ళకు వెళ్ళిన పిదప, మేము జహీరాబాద్ నుండి బయలుదేరాము. ఒంటరిగా వెళ్తున్నామని తెలిసి మా ఇంటివారు అభ్యంతరం చెప్పారు. రాత్రివేళ ఏకాకి ప్రయాణాన్ని వారించిన హదీసును ఆమె మాకే గుర్తు చేశారు. ఆలిమ్‌ను పెళ్ళాడిన స్త్రీతో వాదించి గెలవడం కష్టం. బస్సునిండా జనముంటారని, నడక పగటిపూటేనని, అక్కడి వాచర్‌కు ముందుగా చెప్పి అనుమతితోనే లోనికి వెళ్తామని విన్నవించిన తరువాతే జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం కట్టి ఇచ్చారు.

సంచిలో రొట్టెలతోపాటు ఒక కాగితం కూడా ఉంది. జహీరాబాద్ సమీపాన ఒక పల్లెలోని మదర్సా కమిటీవారు మా అభిప్రాయం కోరుతూ రాసిన ప్రశ్న అది. వారి మదర్సాలో అరవైమంది పిల్లలు ఒకే హాలులో పడుకుంటున్నారు. ఊరి పక్కన గైరాన్ భూమి ఉంది. ఏళ్ళ తరబడి పడావుగా, ఎవరికీ పనికిరాకుండా ఉన్నది కనుక, హాస్టలు కట్టుకొనేందుకు దానిని కేటాయించమని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోదలిచారు. షరీఅత్ దృష్టిలో ఇందులో దోషమేమైనా ఉందా అని అడిగారు. ప్రశ్న అడిగిన తీరులోనే వారు ఆశిస్తున్న జవాబు ఉంది. రంజాన్‌కు ముందే జవాబు కావాలన్నారు.

జహీరాబాద్ నుండి హైదరాబాదు మీదుగా కర్నూలుకు మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. మా ఎర్రచెల్కలు, కంది మోళ్ళు వెనుకబడి, తుంగభద్ర వంతెన దాటేసరికి చీకటి పడింది. ఆ రాత్రి కర్నూలులో ఒక మిత్రుని ఇంట గడిపి, ఫజ్ర్ నమాజు ముగించుకొని నందికొట్కూరు బస్సు ఎక్కాము. అక్కడి నుండి ఆటో. దారికి ఇరువైపులా నల్లరేగడిలో శనగ కోతలు జరుగుతున్నాయి.

ఎనిమిది గంటలకు గేటు వద్ద వాచర్ మమ్మల్ని ఎగాదిగా చూశాడు. తెల్లని గడ్డం, టోపీ, భుజాన గుడ్డసంచితో ఇక్కడికి వచ్చేవారు అరుదు కాబోలు. "కెమెరా లేదా సార్?" అని అడిగాడు. లేదన్నాము. గడ్డిలోకి దిగవద్దని, బండి బాటమీదనే నడవమని, రక్తపింజరలు ఉంటాయని హెచ్చరించి, "మధ్యాహ్నం దాకా నీడ దొరకదు" అని చెప్పి పంపాడు.

అతడన్నది నిజమే. మొదటి గంటలో మాకు తోడుగా ఉన్న నీడ మాదే. మోకాలెత్తున ఎండిన గడ్డి గాలికి ఒకవైపు ఒరిగి లేస్తోంది. దాని గింజలు ఈటెమొనల్లా లాల్చీ అంచులకు గుచ్చుకొని చర్మాన్ని పొడుస్తున్నాయి. అక్కడొక రేగుపొద, ఇక్కడొక జిల్లేడు. మొదట కన్నుకు ఏమీ కనిపించదు. అరగంట గడిచాక చూపు అలవాటు పడుతుంది. ఖాళీ అనుకున్న చోట కృష్ణజింకల మంద నిలబడి మమ్మల్నే చూస్తోంది. వాటిలో ఒక మగజింక, మెలితిరిగిన కొమ్ములతో, పైన నలుపు, కింద తెలుపు, తలెత్తి నిలుచుంది. మేము ఆగితే అవీ ఆగాయి. మేము నడిస్తే ఒక్కొక్కటే గాలిలోకి లేచి, నేలను తాకీ తాకనట్టు దూరమయ్యాయి. ఆకాశంలో కంటికి ఆనని ఎత్తున ఏదో పిచ్చుకంత పక్షి ఆగకుండా పాడుతోంది.

ఇంకొంత దూరం పోయాక కాలికి పదడుగుల దూరంలో నేలే లేచి ఎగిరినట్లయింది. పావురమంత పక్షులు నాలుగు, మట్టిరంగు, పొట్టకింద ముదురు గోధుమ వన్నె. రెండక్షరాల కూతతో నేలకు తక్కువ ఎత్తున దూసుకుపోయాయి. ఇవి అరబ్బులు 'ఖతా' అని పిలిచే పక్షుల జాతివి. తన పేరును తానే పలుకుతుంది కనుక 'ఖతా కంటే సత్యవాది' అని అరబ్బీలో సామెత ఉంది. ఇవి గింజలు తిని బతుకుతాయి కనుక ప్రతిదినం నీటికి వెళ్ళక తప్పదు. మగపక్షి నీటిలో దిగి పొట్ట ఈకలను తడుపుకొని, ఆ తడితో కిలోమీటర్ల దూరం ఎగిరి వచ్చి నిలుచుంటే, పిల్లలు ఆ ఈకలను చప్పరించి దాహం తీర్చుకుంటాయి. మస్జిదు నిర్మాణపు పుణ్యాన్ని చెప్పే ప్రసిద్ధ హదీసులో, ఎంత చిన్న మస్జిదయినా సరే అనడానికి కొలమానంగా చెప్పింది ఈ ఖతా గూటినే. ఆ గూడు ఎలా ఉంటుందో తరువాత వాచర్ తన ఫోనులోని ఫోటోలో చూపాడు. గులకరాళ్ళ నడుమ నేలను కాస్త గీకిన గుంట, అందులో మూడు గుడ్లు. చుట్టూ ఒక్క పుల్లయినా లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ హదీసు బోధిస్తున్న మాకు 'చిన్న' అన్న మాట అంత చిన్నదని ఆ ఫోటోలోనే కనిపించింది.

బట్టమేక కూడా అంతే. గూడు కట్టదు. బహిరంగ నేలమీద సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డును నక్క తిన్నా, కుక్క తిన్నా, ఎద్దు తొక్కినా ఆ ఏటి సంతానం దాదాపు పోయినట్లే. దాని రక్షణ అంతా దూరం చూడగలగడంలోనే ఉంది. శత్రువు అల్లంత దూరాన ఉండగానే కనిపెట్టి మెల్లగా తప్పుకోవడం దాని పద్ధతి. అందుకే అది అడవిని కోరదు, బయలును కోరుతుంది.

ఈ బయళ్ళను మనకు పరిచయం చేసినవారిలో ఇద్దరి పేర్లు మన కుటుంబాలలో పిల్లలకు చెప్పదగినవి. మొదటివారు సలీం అలీ (1896–1987). 1931–32లో నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షులను నమోదు చేశారు. మా జహీరాబాద్ నాడు ఆ సంస్థానంలోనిదే. బట్టమేకను జాతీయపక్షిగా ప్రకటించాలని ఆయన వాదించారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. బట్టమేక ఇంగ్లీషు పేరు అచ్చులో ఒక్క అక్షరం తప్పితే అసభ్యమైన మాటగా మారుతుందని జంకారని చెప్పుకుంటారు. రెండవవారు అసద్ రహ్మానీ. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున 1980లలో ఇదే రోళ్ళపాడులో బట్టమేక జీవితాన్ని ఏళ్ళపాటు పరిశీలించారు. ఆనాడు ఇక్కడ అవి పదుల సంఖ్యలో ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు.

ఎందుకు లేకుండా పోయింది? అభయారణ్యపు హద్దు వద్ద మాకొక గొర్రెల కాపరి ఎదురయ్యాడు. డెబ్భై ఏళ్ళు పైబడినవాడు. భుజాన గొంగడి, చేత కర్ర. గొర్రెలు హద్దుకు బయట కోసిన శనగ చేలో మేస్తున్నాయి.

"ఏం సాయిబూ, దావ తప్పినావా? ఈడ యా మసీదూ లేదే" అన్నాడు.

"తప్పలేదు పెద్దాయనా. బట్టమేక తిరిగిన చోటు చూద్దామని వచ్చాము."

అతడు నవ్వాడు. "అది పోయి శానా ఏండ్లాయె. మా గొర్రెల నడుమనే తిరుగుతాండె. గొర్రెల కాళ్ళకు లేచే మిడతల్ని ఏరుకొని తింటాండె. మేం దాన్ని ఏమీ అనకపోతిమి."

"మరెందుకు పోయింది?"

"ఒకటా రెండా సాయిబూ? కాలవ వచ్చె, చేన్లు మారె. లోపల మేపేది లేదనిరి. గడ్డి లేసె. జింకలు పెరిగి మా పంట మేసె. పంట పోయినోనికి పిట్టమీద పేమ యాడ ఉంటాది? దానికి దూరం చూపు కావల్ల. గడ్డి లేస్తే నక్క వచ్చేది దానికెట్ల కనపడుతుంది?"

చదువురాని ఆ మనిషి చెప్పినది, పండితులు చెప్పినదానికి చాలా దగ్గరగా ఉంది. సమీపంలో అలగనూరు జలాశయం వచ్చాక చుట్టూ పంటల తీరు మారింది. మునుపటి వర్షాధారపు చేలు బట్టమేకకు అభయారణ్యం ఎంతో అంత అవసరం. ఎందుకంటే అది ఆరు చదరపు కిలోమీటర్లలో ఇమిడే ప్రాణి కాదు. రక్షణ దొరికిన కృష్ణజింకలు పదుల నుండి వందలకు పెరిగాయి. వాటి బాధ పడిన రైతులకు అభయారణ్యం అంటేనే విసుగు పుట్టింది. మితమైన మేత ఉంటేనే గడ్డి ఈ పక్షికి అనువైన ఎత్తులో నిలుస్తుందని పరిశోధకులు కూడా చెప్పారు.

కాపరి మాటలు వింటున్నప్పుడు మాకు హజ్రత్ ఉమర్ (రజి) గుర్తుకు వచ్చారు. సంరక్షిత బయలు అనే ఆలోచన మన సంప్రదాయానికి కొత్తది కాదు. మదీనాకు ఇరువైపులా ఉన్న నల్లరాతి బయళ్ళ నడుమ చెట్టు నరకరాదని, వేటాడరాదని దైవప్రవక్త (సల్లం) నిర్ణయించారు. నఖీ అనే చోటును ముస్లిముల గుర్రాల మేతకు ప్రత్యేకించారు. అటువంటి రక్షిత భూమిని 'హిమా' అంటారు. ఉమర్ (రజి) తమ కాలంలో ఒక హిమాకు హునయ్ అనే సేవకుణ్ణి కాపలా ఉంచుతూ చేసిన హితవు 'సహీహ్ బుఖారీ'లో నమోదై ఉంది. నాలుగు ఒంటెలు, నాలుగు గొర్రెలు గల పేదను లోనికి రానివ్వమని, సంపన్నుల మందలను మాత్రం ఆపమని ఆ హితవు సారాంశం. సంపన్నుల పశువులు చస్తే వారికి తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాని పశువు చస్తే అతడు పిల్లలను వెంటబెట్టుకొని పాలకుని గుమ్మం ముందు నిలబడతాడు. కంచె ఎవరికోసం, ఎవరిమీద అన్నది పద్నాలుగు శతాబ్దాల క్రితమే ఒక పాలకుడు తేల్చిన ప్రశ్న. మన అభయారణ్యాల చట్టాలు రాసినవారు ఈ ఒక్క ఉదంతం చదివి ఉంటే బాగుండేదని మా అభిప్రాయం.

ఇప్పుడు దేశం మొత్తంమీద బయళ్ళలో స్వేచ్ఛగా తిరిగే బట్టమేకలు నూట యాభై లోపే. అందులో అధికభాగం రాజస్థాన్‌లో, జైసల్మేరు, బాడ్మేరు జిల్లాలలో వ్యాపించిన ఎడారి జాతీయ వనంలోను, దాని చుట్టుపక్కలను ఉన్నాయి. 1980లో ఏర్పడిన ఆ వనం 3,162 చదరపు కిలోమీటర్లు. అంటే రోళ్ళపాడుకు ఐదు వందల రెట్లకు పైగా. అక్కడా పక్షికి నెమ్మది లేదు. దాని కళ్ళు తలకు ఇరుపక్కల ఉండడంవల్ల ఎదురుగా ఉన్న సన్నని తీగ కనిపించదు. కనిపించినా అంత బరువైన దేహాన్ని చటుక్కున మళ్ళించలేదు. సౌర, పవన విద్యుత్తును మోసుకుపోయే తీగలకు తగిలి చస్తున్నాయి. ఆ తీగలను భూగర్భంలో వేయాలని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి, విషయాన్ని నిపుణుల కమిటీకి అప్పగించింది.

ఇందులో మన సముదాయం వినవలసిన మాట కూడా ఒకటి ఉంది. 1970ల చివర అరబ్బు రాజకుటుంబీకులు డేగలతో జైసల్మేరు ప్రాంతానికి వేటకు వస్తే ప్రజలు తీవ్రంగా నిరసించారు. 1980లో జైపూర్‌లో ఈ పక్షుల క్షీణతపై అంతర్జాతీయ సదస్సు జరగడానికి ఆ కలకలం కూడా ఒక నేపథ్యం. హుబారా వేటాడడం ధర్మసమ్మతమే కావచ్చు. చివరి పక్షి వరకు వేటాడడాన్ని ఏ గ్రంథం సమర్థిస్తుంది? అయితే కథ అక్కడే ఆగలేదు. అబుధాబిలో హుబారా సంరక్షణకు ఏర్పడిన సంస్థ ఆ పక్షులను పెంచి వేలాదిగా విడుదల చేసే విద్యలో ఆరితేరింది. మన శాస్త్రజ్ఞులు అక్కడ నేర్చుకున్న కృత్రిమ గర్భధారణ పద్ధతితో 2024 అక్టోబరులో జైసల్మేరు జిల్లాలోని సంరక్షణ కేంద్రంలో ఒక బట్టమేక పిల్ల పుట్టింది. వేటకు వచ్చిన నేల నుండే ఈసారి వైద్యం వచ్చింది.

ఒంటిగంట దాటాక రేగుపొద పక్కన కూర్చొని రొట్టె తిన్నాము. రెండు లీటర్ల సీసాలో సగం కూడా మిగలలేదు. ఒక గ్లాసెడు నీటితో వుజూ పూర్తి చేసి, ప్రయాణికులం కనుక జుహ్ర్ రెండు రకాతులు చదువుకున్నాము. ఊళ్ళో కుళాయి విప్పి వుజూ చేసేవారికి గ్లాసెడు నీరు ఎంత దూరం వస్తుందో తెలియదు. తరువాత సంచిలోని కాగితం తీశాము.

ధర్మశాస్త్రంలో 'మవాత్' అనే మాట ఉంది. మృతభూమి అని అర్థం. ఎవరికీ చెందని మృతభూమిని సాగులోకి తెచ్చినవారికి దానిపై హక్కు కలుగుతుంది. గైరాన్ మీద ఆశపడేవారు ఈ నియమాన్నే ఆధారంగా చూపుతారు. కాని మన మదర్సాలలో తరతరాలుగా బోధించే 'ఖుదూరీ', 'హిదాయా' గ్రంథాలు ఆ వెంటనే మరొక మాట చెబుతాయి. ఊరిని ఆనుకొని ఉన్న బయలు మవాత్ కాదు. అది ఊరి పశువుల మేతకు, కోసిన పంటను వేసుకోవడానికి విడిచిపెట్టవలసినది. ఆ చోటు తీసేస్తే ఊరి బతుకుకు ఒక కాలు తీసేసినట్లు. కమిటీవారు 'పనికిరాని భూమి' అని రాసిన ఆ గైరాన్‌లో ప్రతి ఉదయం మేకలు మేస్తాయి. మా మదర్సాలో చదివే ఇద్దరు పిల్లల తండ్రులు ఆ మేకలను కాచి ఫీజు కడుతున్నవారే. వానాకాలం ముందు అక్కడ తీతువులు గులకరాళ్ళ నడుమ గుడ్లు పెడతాయి. మనిషి దగ్గరకు వస్తే అరుస్తూ తలచుట్టూ తిరుగుతాయి. చిన్ననాటి నుండి ఆ అరుపు వింటూనే ఉన్నాము.

అరవైమంది పిల్లలు ఒక హాలులో పడుకోవడం కష్టమే. దానిని తేలికగా తీసిపారేయలేము. ఆ హాలులో ఎండాకాలం ఒక రాత్రి గడిపినవారం. అయినా కాగితం వెనుకవైపు మా జవాబు రాశాము: గైరాన్ ఊరందరి మేత హక్కు, అందులో ముస్లిమేతరుల భాగం కూడా ఉంది, మదర్సా పేరున దానిని కోరడం తగదు. స్థలం కొనాలి, లేదా వక్ఫ్‌గా ఇచ్చేవారిని వెతకాలి. చందా సేకరణకు మేము ముందు నిలుస్తాము. ఈ జవాబు కమిటీవారికి రుచించదని తెలుసు. కర్నూలు చేరగానే దానిని పోస్టు చేశాము. షవ్వాల్‌లో వారిని ముఖాముఖి కలవవలసి ఉంది.

అస్ర్ వేళను గడియారంతో పనిలేకుండా నిర్ణయించడం అక్కడ ఎంత సులువో! వాచర్ చెప్పిన మాట ప్రకారం నీడ దొరకని చోటది. కర్ర ఒకటి పాతి చూస్తే, గ్రంథంలో చదివిన 'ఒక నీడ, రెండు నీడలు' అనే లెక్క కళ్ళముందు గీతలా పడుకుంది. జహీరాబాద్‌లో ఇళ్ళ నడుమ ఈ పాఠం ఎన్నడూ ఇంత స్పష్టంగా చూపలేకపోయాము. వచ్చే ఏడాది పెద్ద తరగతి పిల్లలను ఎక్కడైనా బయలుకు తీసుకువెళ్ళాలని అప్పుడే అనుకున్నాము.

సూర్యుడు వాలాక వాచర్ వచ్చి మాతో కలిశాడు. "పిల్లిగద్దలు వస్తాయి, చూసి పొండి" అన్నాడు. ఇవి చలికాలం గడపడానికి మధ్య ఆసియా గడ్డిమైదానాల నుండి, కజకిస్తాన్ వంటి దేశాల నుండి వేల కిలోమీటర్లు దాటి వస్తాయి. పగలంతా చుట్టుపక్కల చేలలో మిడతలను, ఎలుకలను పట్టి తిని, సందెవేళ గడ్డిలో నేలమీదనే నిద్రకు చేరతాయి. 1980లలో ఇక్కడ ఒక్క సాయంత్రం వందలకొద్దీ దిగేవట. మొదట ఒకటి వచ్చింది. రెక్కలు పైకెత్తి, ఊపులేకుండా, గడ్డి కొసలను తాకేటంత కిందుగా తేలుతూ రెండు చుట్లు తిరిగి మునిగిపోయింది. తరువాత మూడు. తరువాత గుంపుగా ఆరు. మేము వేళ్ళతో లెక్కపెట్టాము. చీకటి పడేవరకు పద్నాలుగు. వాచర్ లెక్క పదహారు. అతని కళ్ళు చిన్నవయసువి కనుక అతని లెక్కే ఖాయం చేసుకున్నాము.

మగ్రిబ్ అక్కడే చదువుకున్నాము. చివరి ఆటో ఏడు గంటలకు వెళ్ళిపోతుందని అతడు తొందరపెట్టాడు. జానమాజ్ దులిపి సంచిలో పెట్టుకున్నాము. లాల్చీకి గుచ్చుకున్న గడ్డి గింజలను బస్సులో కూర్చొని కర్నూలు చేరేదాకా ఒక్కొక్కటే ఏరుతూనే ఉన్నాము.